అమ్మ పటం కింద ఒక్క వరస

నా చిన్నప్పుడు మా ఊళ్లో గోడ మీద హంస లేని ఇల్లు లేదు. నిజం హంసను చూసినవాళ్లు ఊరంతా గాలించినా ఒక్కరు దొరకరు గానీ, ఉన్ని దారంతో కుట్టిన హంస మాత్రం ఇంటికొకటి ఉండేది. అద్దం బిగించిన చెక్క ఫ్రేములో మెడ వంచి నీళ్లలోకి చూసుకుంటూ, వచ్చేవాళ్లనూ పోయేవాళ్లనూ పట్టించుకోకుండా ఉండేది. హంస లేని గోడ మీద చిలకల జంట ఉండేది. బొమ్మ కింద ఎర్ర దారంతో ‘స్వాగతం’ అనో ‘శుభం’ అనో ఒక మాట. చదువు రాని ఇళ్లలో కూడా ఆ మాట ఉండాల్సిందే. అది లేకపోతే బొమ్మకు బొట్టు పెట్టనట్టు వెలితిగా ఉందనేవాళ్లు.

ఈ హంసల పిచ్చిని మా ఊరికి తెచ్చింది మా పక్కింటి అక్క. వాళ్ల మేనమామకు రైల్వేలో ఉద్యోగం. అక్క కొన్నాళ్లు బిట్రగుంట రైల్వే కాలనీలో వాళ్లింట్లో ఉండి చదువుకుంది. చదువు ఎంత అబ్బిందో నాకు తెలియదు గానీ, కాలనీలో ఆడవాళ్ల దగ్గర కుట్టుపని మాత్రం ఔపోసన పట్టి వచ్చింది. రేకు పెట్టె నిండా రంగురంగుల దారాలు, గళ్ల గుడ్డ, గుడ్డను బిగించే చెక్క రింగు. మధ్యాహ్నమైతే వాళ్ల పంచలో కూర్చుని కుట్టేది. మనిషి పొడగరి, నోరు దురుసు. సూది పెదాల మధ్య పెట్టుకుని కూడా తిట్టగలిగేది. ఆ తిట్లు ఎవరికీ తగిలేవి కావు. చేతులు మాత్రం చాలా మెత్తన.

మా ఊరు అల్లూరుకు తూర్పున ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం ఎంతో దూరం కాదు. గాలి మళ్లితే ఇంట్లో కూర్చున్నా ఉప్పు వాసన తెలిసేది. ఇప్పుడు ఆ దారంతా రొయ్యల గుంటలైపోయింది గానీ అప్పుడంతా వరి. మా వైపు వరి పొలాన్ని కయ్య అంటాం. మా నాయనకు కాలవ అవతల కొంచెం కయ్య ఉండేది. ఇంట్లో నాయన, అమ్మ, నాయనను కన్న మా జేజి, నేను. నలుగురిలో మాట్లాడేదాన్ని నేనొక్కదాన్నే అన్నట్టు ఉండేది. నాకు పేరొకటి పెట్టారు గానీ పిలిచేది మాత్రం వాగుడుకాయ అనే.

నేను మూడో తరగతిలో ఉండగా, వానలు పట్టిన రోజుల్లో అమ్మకు జ్వరం వచ్చింది. పట్టుమని వారం కూడా మంచంలో లేదు, పోయింది. అప్పుడు నాకు ఏం జరిగిందో అర్థం కాలేదని ఇప్పుడు చెబితే అబద్ధమవుతుంది. అర్థమైంది. కాకపోతే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దవాళ్లు ఏడ్చారు, తర్వాత పనుల్లో పడ్డారు. నేను ఏడ్చి, తర్వాత మాటల్లో పడ్డాను. ముందు కన్నా ఎక్కువ వాగేదాన్ని.

ఒకరోజు బడి నుంచి వస్తూ వస్తూ అమ్మ ముక్కుపుడక ఏ వైపు ఉండేదో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. కుడి వైపు పెట్టి చూశాను, ఎడమ వైపు పెట్టి చూశాను. రెండూ సరిగ్గానే ఉన్నట్టున్నాయి. అక్కడే దారిలో నిలబడిపోయాను. ముక్కుపుడక పోయింది, ఇక ముక్కు పోతుంది, తర్వాత కళ్లు పోతాయి, అమ్మ మొత్తం పోతుంది అనుకున్నాను. అంతకు ముందుగానీ ఆ తర్వాతగానీ అంత భయం నేను ఎరగను.

ఫోటో ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. మా నాయన, అమ్మ పెళ్లిలో ఒకటి తీయించుకున్నారట. నేను పుట్టక ముందు తుఫానుకు ఇంట్లోకి నీళ్లొచ్చి, ఆ ఫోటో ఉప్పునీళ్లలో నాని, అమ్మ ఉండాల్సిన చోట తెల్లటి మరక మిగిలింది. చీర అంచు మాత్రం కొంచెం కనిపించేది. నాయన ఆ ఫోటోను పెట్టె అడుగున బోర్లా పెట్టి ఉంచాడు. మళ్లీ ఇంకొకటి తీయించుకుందామనే ఆలోచన వాళ్లకెప్పుడూ వచ్చినట్టు లేదు. మనిషి ఎదురుగా తిరుగుతూ ఉంటే ఫోటో గురించి ఎవరనుకుంటారు?

అమ్మ సంవత్సరీకం దగ్గర పడింది. మా వైపు సంవత్సరీకం అంటే పోయినవాళ్ల పటం గోడ మీదికి ఎక్కే రోజు. పటాన్ని తుడిచి, దండ వేసి, నుదుట కుంకుమ బొట్టు పెట్టి, ముందు కొత్త చీర పెడతారు. ముత్తయిదువగా పోయిన మనిషికి ఆ బొట్టు మరీ ముఖ్యం. మా ఇంట్లో బొట్టు పెట్టడానికి మొహం లేదు. ఉత్త గోడకు దండ వేయాలా అని జేజి గొణుక్కోవడం విన్నాను. ఆ సాయంత్రమే పక్కింటికి పోయి అక్క ముందు నిలబడి, మా అమ్మను కుట్టిపెట్టమని అడిగాను.

అక్క నా వంక చాలాసేపు చూసింది. నా అంతటి వాగుడుకాయ ఒక్క మాట అడిగి ఊరుకుంటే ఆమెకు వింతగా తోచి ఉంటుంది. “కుడతా లేమ్మే” అంది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు తర్వాత తనను తాను తిట్టుకుందని నాకు తెలుసు, ఎందుకంటే పైకే తిట్టుకుంది.

హంస మెడకు వంపు వస్తే చాలు, హంస అయిపోతుంది. చిలకకు ఎర్ర ముక్కు పెడితే చిలక. మనిషి మొహం అట్లా కాదు. నల్ల దారంతో కళ్లు కుట్టింది, గొలుసు కుట్టుతో కనుబొమలు కుట్టింది, ఎర్ర దారంతో నోరు. ముక్కుపుడక ఏ వైపు అని నన్నడిగింది. నేను తల వంచుకున్నాను. మధ్యలో ఎక్కడో పెట్టింది. పూర్తయ్యాక గుడ్డను ఎత్తి పట్టుకుని చూసి, “ఒరే నాయనా, దిష్టిబొమ్మ మాదిరి వచ్చింది గదమ్మే!” అని పగలబడి నవ్వింది. నేను బావురుమన్నాను. నవ్వు అక్కడే ఆగిపోయింది. ఒళ్లోకి లాక్కుని కూర్చోబెట్టుకుని, నా కళ్ల ముందే కత్తెర తీసుకుని కుట్లన్నీ విప్పేసింది. కళ్లు, నోరు, కనుబొమలు అన్నీ దారప్పోగులై పంచలో పడ్డాయి. “నాకు మొహం రాదమ్మే. నా చేత గాదు” అంది. పెద్దవాళ్లు ఒక పని తమ చేత కాదని పిల్లలతో చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. ఆ మాటతో ఆమె మీద నమ్మకం పోవాలి గదా. పోలేదు సరికదా, రెండింతలైంది.

మరుసటి రోజు తనే కేకేసింది. కళ్లు మూసుకోమంది. మూసుకున్నాను. “ఇప్పుడు మీయమ్మ ఎట్ట కనపడతా ఉండాది?” అని అడిగింది. మొహం కోసం వెతికితే చీకటి తప్ప ఏమీ లేదు. మొహం సంగతి వదిలెయ్యి, ఏది కనపడితే అది చెప్పు అంది. అప్పుడు చెప్పాను: వెనక నుంచి కనపడతా ఉంది.

అది నిజం. మధ్యాహ్నం పూట అమ్మ నాయనకు అన్నం తీసుకుని కయ్యకు పోయేది. నెత్తి మీద గంప, గంపలో గిన్నెలు. బడి లేని రోజుల్లో నేను మజ్జిగ చెంబు పట్టుకుని వెనక నడిచేదాన్ని. కాలవ గట్టు ఇద్దరు పక్కపక్కన నడవడానికి చాలదు. ముందు అమ్మ, వెనక నేను. నా చిన్నతనమంతా నేను ఎక్కువగా చూసింది అమ్మ వీపునే. కొప్పు, మెడ కింద చెమటకు తడిసిన రవిక, గాలికి ఎగిరే పైట, గంపను పట్టుకోవడానికి ఎత్తిన కుడి చేయి. అవన్నీ అడగంగానే వచ్చేశాయి. చెబుతూ పోయాను. అక్క పెన్సిలు తీసి గుడ్డ మీద గీస్తూ పోయింది.

ఆ బొమ్మ అక్క చేతికి లొంగింది. కొప్పుకు నల్ల దారం, చీరకు పసుపు, గంపకు గోధుమ రంగు. గట్టుకు అటూ ఇటూ పచ్చని కయ్యలు. దూరంగా సముద్రం ఒక్క నీలం గీత, కాడ కుట్టుతో. పైట చెంగు ఎగురుతున్నట్టు రావడానికి కుట్టిందే మళ్లీ మళ్లీ విప్పి కుట్టింది. అయిపోయాక నా ముందు పెట్టింది. ఈసారి నవ్వలేదు, నా మొహం వైపే చూస్తూ కూర్చుంది. బొమ్మలో అమ్మ పోలికేమీ లేదు, కానీ అది అమ్మే. ఆ నడక అమ్మది. నేను గుడ్డ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాను.

ఇక బొమ్మ కింద మాట. గుడ్డ అడుగున జానెడు చోటు ఖాళీగా ఉంచింది అక్క. ‘స్వాగతం’ అని కుట్టేస్తే సంవత్సరీకం నాడు ఊరంతా నవ్వుతుంది. “ఏం కుట్టాల్నో నువ్వే చెప్పు, మీయమ్మ గదా” అంది. అంతే, నాకు పట్టపగ్గాల్లేవు. అమ్మ మామిడికాయ పచ్చడి పెట్టే తీరు దగ్గర మొదలుపెట్టి, మేకను మనిషిని తిట్టినట్టు తిట్టడం, వానొస్తే ఆరేసిన వడియాల కోసం పరిగెత్తడం, జేజితో పోట్లాడి మళ్లీ జేజికే ముందు అన్నం పెట్టడం, అన్నీ చెప్పుకొచ్చాను. అక్క వింటూ కుట్టు చివర్లు సరిచేసుకుంది. ఊపిరి తీసుకోవడానికి నేను ఆగినప్పుడు, “జానెడు గుడ్డమ్మే ఇది, సముద్రం గాదు. ఒక్క వరస చెప్పు” అంది.

ఒక్క వరసేనా! నాకు కోపమొచ్చింది. ‘మా అమ్మ చాలా చాలా మంచిది’ అని కుట్టమన్నాను. అక్క కాదనలేదు. ఒక పాత గుడ్డ ముక్క, సూది, దారం నా చేతికిచ్చి, ముందు అందులో ఒక్క అక్షరం కుట్టి చూపించమంది. ‘మ’తో మొదలుపెట్టాను. మధ్యాహ్నం మొత్తం పోయింది. వేళ్ల నిండా సూది పోట్లు, దారం నిండా ముళ్లు. కుట్టింది ‘మ’ అని నేను చెబితే తప్ప ఎవరికీ తెలియదు. అప్పుడు నా వరసను మళ్లీ తలుచుకున్నాను. రెండు ‘చాలా’లు కుట్టాలంటే ఎన్ని మధ్యాహ్నాలు కావాలి? ముందు ఒక ‘చాలా’ తీసేశాను. తర్వాత రెండోది కూడా తీసేశాను. అమ్మ చాలా చాలా మంచిదల్లా మంచిదిగా మిగిలింది. అక్క చాటుగా నవ్వుకోవడం నాకు కనిపించింది.

ఆ మిగిలింది కూడా ఆమెకు నచ్చలేదు. “ఇది మాయమ్మకూ సరిపోతాది. ఊళ్లో ఎవురి పటం కిందేసినా సరిపోతాది. మీయమ్మకు తప్ప ఇంకెవురికీ సరిపోని మాట తేమ్మే, కుడతా” అంది. రాత్రి జేజి పక్కన పడుకుని ఆలోచించి, తెల్లారి కొత్తది తీసుకుపోయాను: అమ్మ ముందు నడుస్తుంది, నేను వెనక నడుస్తాను. ఇది బాగుందని నాకు గట్టి నమ్మకం. అక్క బొమ్మను నా వైపు తిప్పింది. “అమ్మ ముందు నడిచేది కనపడతానే ఉండాది గదా! కండ్లుండేవోళ్లు చూస్తారు. చూసిందాన్నే మళ్లా కుట్టేదానికి, దారం ఊరికే వచ్చిందా?” అంది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. కనపడేది చెప్పకూడదు, అందరికీ సరిపోయేది చెప్పకూడదు, ఒక్క వరస దాటకూడదు. ఇంకేం చెప్పాలి? సంవత్సరీకం ముంచుకొస్తోంది. అల్లూరు తీసుకుపోయి ఫ్రేము కట్టించడానికి కూడా వ్యవధి కావాలి. నేను అలిగి, ఉత్త బొమ్మే చాలు, మాట వద్దు అన్నాను. అక్క రింగు పక్కన పెట్టి లేచింది. ఆ రోజు మా నాయనకు అన్నం తను తీసుకుపోతానని జేజితో చెప్పి, గంప నెత్తిన పెట్టుకుని, మజ్జిగ చెంబు నా చేతికిచ్చింది.

అమ్మ పోయాక నేను ఆ గట్టు ఎక్కడం అదే మొదలు. ముందు అక్క, వెనక నేను. మాట్లాడకుండా నడవమంది. నడిచాను. అమ్మకన్నా అక్క పొడుగు, నడక కూడా వేరు, అయినా గంప ఊగే తీరు మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను. గట్టు ఇసుక మీద పల్లేరు తీగలు పాకి ఉండేవి. చిన్న పసుపు పూలు, వాటి కింద మూడు వైపులా ముళ్లుండే కాయలు. చెప్పుల్లేని కాళ్లకు అవి ఎట్లా ఉంటాయో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అక్క వాటిని చూసి పెద్ద అంగ వేసి దాటిపోయింది. నేను దాటలేదు. కాయ నేరుగా మడమలో దిగింది.

చెంబు కింద పెట్టి కూలబడ్డాను. నొప్పి కన్నా కోపం ఎక్కువ. “చెప్పకుండా పోతావేంది! మాయమ్మైతే చెప్పేది!” అని అరిచాను.

“ఏమని చెప్పేది?”

“వెనక్కి తిరక్కుండానే చెప్పేది. ‘పల్లేర్లమ్మా, చూసి నడువు’ అనేది.”

అక్క గంప దించింది. నా కాలు తన మోకాలి మీద పెట్టుకుని, పల్లేరుకాయను పీకి కాలవలోకి విసిరేసి, మడమ మీద ఊదింది. తర్వాత మెల్లగా, “అదేనమ్మే నీ వరస” అంది. నాకు అర్థం కాలేదు. ఇదేం మాట, ఇది పటం కింద రాస్తారా, ఇట్లాంటిది ఎక్కడైనా ఉందా అని వాదించాను. ఎక్కడా లేదు కాబట్టే రాస్తామంది. ఆమె నాకు ముల్లు గుచ్చుకోవాలనే చెప్పకుండా దాటిందా, లేక మరిచిపోయిందా అనేది నాకు ఈ రోజుకూ తెలియదు. పెద్దయ్యాక ఒకసారి అడిగితే, గుచ్చుకుంది కాలికే గదా అని మాట దాటేసింది.

ఆ తర్వాత రెండు రోజులు కూర్చుని అక్క ఆ వరస కుట్టింది. ‘పల్లేర్లమ్మా, చూసి నడువు’. సరిగ్గా జానెడు. మొదటి అక్షరంలో ఒక కుట్టు నా చేత వేయించింది. బస్సెక్కి అల్లూరు పోయి అద్దం బిగించి తెచ్చింది. సంవత్సరీకం నాడు పొద్దున్నే తలస్నానం చేసి, తడి జుట్టుతోనే పటం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గోడ వారగా పీట వేసి, పీట మీద పటం నిలబెట్టింది. మా ఇద్దరికీ గర్వంతో కాళ్లు నేల మీద ఆగడం లేదు.

జేజి పసుపు కుంకుమల పళ్లెంతో వచ్చి పటం ముందు కూర్చుంది. ఆమెకు చూపు అప్పటికే మసక. కుంకుమ వేలికి అద్దుకుని పటం మీదికి వంగింది. వేలు అటు పోయింది, ఇటు పోయింది, ఆగిపోయింది. “బొట్టెక్కడ పెట్టేదే దీనికి?” అంది.

మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్ని రోజులు కుట్టాం, విప్పాం, మాట కోసం పోట్లాడుకున్నాం. మొహం లేని పటానికి నుదురు కూడా ఉండదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. బొట్టు పెట్టడానికే కదా అసలు పటం! చుట్టాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పోయిన మనిషి ఇంటికి వీపు తిప్పుకుని పోతున్నట్టు ఉందని, అలిగి పోతున్నట్టు ఉందని, వీపుకు దణ్ణం పెట్టే ఆచారం ఎక్కడా లేదని తలా ఒక మాట అన్నారు. జేజి వేలు తుడుచుకుంది. “తీసి లోపల పెట్టండి. గోడకే దండేస్తాం” అంది. ఆమె గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. పటం లోపలికి పోతే ఆ పెళ్లి ఫోటోలాగే పెట్టె అడుగున బోర్లా పడి ఉంటుంది. ఈ అమ్మ కూడా నాకు పోతుంది.

ఎవరు ఏమన్నా ఎదురు మాట్లాడే అక్క ఆ రోజు ఎదురు మాట్లాడలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా నా భుజం మీద చెయ్యేసి, “కింద ఉండే వరస మీ జేజికి చదివి చెప్పమ్మే” అంది.

జీవితంలో మొదటిసారి నాకు నోరు పెగల్లేదు. పెగిలితే ఎన్ని చెప్పేదాన్నో! ఈ పటం మేం ఎందుకు ఇట్లా చేశామో, మొహం ఎందుకు రాలేదో, ముక్కుపుడక సంగతేమిటో అంతా చెప్పేదాన్ని. చెప్పి ఉంటే పటం లోపలికే పోయేదని ఇప్పుడు అనిపిస్తుంది. గొంతులోంచి బయటికి రాగలిగింది ఆ ఒక్క వరసే.

“పల్లేర్లమ్మా, చూసి నడువు.”

జేజి చెవి నా వైపు తిప్పింది. ఇంకోసారి చదవమంది. చదివాను. ఈసారి నాకు తెలియకుండానే అమ్మ అన్నట్టు, కొంచెం పాటలాగా సాగదీసి అన్నాను. గుసగుసలు ఆగిపోయాయి. జేజి మసక కళ్లతో పటం వైపు చూస్తూ, “నాక్కూడా అట్టానే చెప్పేది. ‘అత్తా, పల్లేర్లుండాయి’ అని ముందు నడిచి చెప్పేది” అంది. కాసేపటికి చుట్టాల వైపు తిరిగింది. “అలిగి పోయేది గాదు ఇది. మనకు దావ చూసిపెడతా ముందు పోతా ఉండాది” అంది. ఆ మాటంటూనే ఏడ్చింది. సంవత్సరం కిందట ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు.

ఆ వరస ఎక్కడుందో చూపించమని చెయ్యి చాపింది. నేను ఆమె వేలు పట్టుకుని అద్దం మీద అక్షరాల దగ్గరికి తీసుకుపోయాను. కుంకుమ బొట్టు ఆ మొదటి అక్షరం పక్కన పెట్టింది. మా ఇంట్లో ఆ తర్వాత ప్రతి సంవత్సరం బొట్టు అక్కడే పెట్టాం. ఎవరూ అదేమని అడగలేదు.

అంతసేపూ గుమ్మం దగ్గర నిలబడి ఒక్క మాటైనా మాట్లాడని మా నాయన మేకు, సుత్తి తెచ్చాడు. పటాలన్నీ వీధి తలుపుకు ఎదురుగా పెట్టడం మామూలు. ఆయన మాత్రం కయ్యల వైపు పోయే దొడ్డి తలుపుకు పైన గోడలో మేకు కొట్టాడు. కింద నిలబడి చూస్తే అమ్మ ఆ తలుపులోంచి మాకన్నా ముందు బయలుదేరినట్టు ఉండేది. మా నాయనకు బొమ్మలు చూడటం వచ్చని ఆ రోజే తెలిసింది నాకు.

నేను పెద్దయి తెలుగు పంతులమ్మనయ్యాను. పద్యాలు చెప్పాను, పాఠాలు చెప్పాను, పదవీ విరమణ కూడా అయిపోయింది. ఇప్పుడు మేం కొందరం నెలకొకసారి నెల్లూరులో ఒకరింట్లో కలుస్తాం. మధ్యలో ఒక బొమ్మ పెట్టుకుంటాం. ఫోటో కావచ్చు, ఎవరి మనవడో వేసిన రంగుల బొమ్మ కావచ్చు. దాన్ని చూసి తలా నాలుగు పాదాలు రాస్తాం. నానీ అని ఒకరంటారు, మినీ కవిత అని ఒకరంటారు, హైకూ అని ఇంకొకరు మూడు పాదాల దగ్గరే ఆపేస్తారు. పేరేదైనా నేను రాయడం మాత్రం ఒక్కటే పద్ధతి. ముందు నోరారా వాగుతాను, అంటే కాగితం నిండా రాస్తాను. తర్వాత ఒక్కొక్క అక్షరాన్నీ సూదితో కుట్టాల్సి వస్తే ఏది కుడతానో చూసుకుంటాను. బొమ్మలో కనపడుతున్నది కొట్టేస్తాను. ఇంకో బొమ్మ కింద కూడా సరిపోయేది కొట్టేస్తాను. ఒక్కోసారి ఏమీ మిగలదు. అప్పుడు బొమ్మ ముందు నుంచి లేచి కాసేపు నడిచి వస్తాను. బళ్లో పిల్లలకు కూడా నేను నేర్పింది ఇంతే. వ్యాకరణం వాళ్లకు ఎంత వచ్చిందో గానీ, ‘చాలా’ అనే మాట రాసేటప్పుడు మా టీచరు గుర్తొస్తుందని ఇప్పటికీ కొందరు ఫోను చేసి నవ్వుతారు.

అక్కకు పెళ్లయి తోటపల్లి గూడూరు వైపు వెళ్లిపోయింది. పిల్లలు, మనవలు, పెద్ద సంసారం. ఆమె ఉన్నంత కాలం ఏటా పోయి చూసి వచ్చేదాన్ని. నువ్వు చేసిన మేలు మరిచిపోలేనక్కా అని నేను మొదలుపెడితే, ఒక్క వరసలో చెప్పి కాఫీ తాగమనేది. ఒక్క వరసలో చెప్పాలంటే నాకు ఆమె విషయంలో ఇప్పటికీ చేత కాదు. తల్లి లేని పిల్లను దగ్గరికి తీసుకుని అన్నం పెట్టేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు, అందరికీ దణ్ణం. కానీ నాలో మిగిలి ఉన్న అమ్మను వెతికి, తవ్వి, నా చేతికే తీసి ఇచ్చింది ఆమె ఒక్కతే.

అమ్మ మొహం నాకు ఇప్పుడు బొత్తిగా గుర్తు లేదు. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు బాధ లేదు. మీ అమ్మ ఎట్లా ఉండేదని ఎవరైనా అడిగితే నేను రంగూ రూపూ చెప్పను. కాలవ గట్టు చెబుతాను, నెత్తి మీద గంప చెబుతాను, వెనక్కి తిరక్కుండా ఆమె అన్న ఆ మాట చెబుతాను. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, వినేవాళ్లు ఎంత పెద్దవాళ్లైనా, ఎంత మంచి చెప్పులు వేసుకున్నా, ఒక్క క్షణం తమ కాళ్ల వంక చూసుకుంటారు. అప్పుడు మా అమ్మ వాళ్ల ముందు కూడా నడుస్తోందని నాకు తెలుస్తుంది.